ఇటుకరంగు చిలపలు

మంజిష్ఠ తీగను నాటాక మూడేళ్ళు దాని జోలికి పోకూడదు. తీగ పక్కవాళ్ళ ప్రహరీ ఎక్కినా, గరుకు ఆకులు బట్టలకు అంటుకుని చిరాకు పెట్టినా ఊరుకోవాలి. నేల కింద వేళ్ళు పెన్సిల్ లావుకొచ్చి, విరిస్తే లోపల ఎర్రగా కనబడటానికి అంత కాలం పడుతుంది. ఈ ఒక్క ముక్కా రంగులావిడ తన భర్తకు ముప్ఫై రెండేళ్ళుగా చెబుతోంది. ఆయన ముప్ఫై రెండేళ్ళుగా తల ఊపుతున్నాడు. తల ఊపి, ఆవిడ అటు తిరగ్గానే చిన్న గునపం పట్టుకుని పెరట్లోకి పోతాడు.

"ఊరికే చూశానంతే," అంటాడు దొరికిపోయినప్పుడు, మట్టి చేతులు వెనక్కి పెట్టుకుని.

"కడుపులో బిడ్డ ఎంత ఎదిగిందో కోసి చూస్తారా ఎవరైనా?"

"మళ్ళీ పాతేశాగా."

"మీరు పాతేస్తారు. అది బతకొద్దూ?"

అలా చూసి చూసే రెండేళ్ళ మడి మొత్తాన్నీ పోయిన ఏడు చంపేశాడు. ఇప్పుడు పెరట్లో ఉన్నది ఏడాది వయసు మడి ఒక్కటే. ఇంట్లో ఉన్నది అంతకుముందు తవ్వి ఎండబెట్టిన ముదురు వేళ్ళు, నాలుగు డబ్బాలు. రెండేళ్ళు వాటితోనే నెట్టుకురావాలి.

ఆ నాలుగు డబ్బాల్లో మూడు ఈ ఇరవై రోజుల్లో తగలబడిపోయాయి. తగలబడటమంటే నిప్పంటుకోవడం కాదు, అంతకన్నా హీనం. మూడు డబ్బాల వేళ్ళకు తొమ్మిది చిలపల ఉన్ని, అంటే తొమ్మిది నూలు చుట్టలు, అద్దితే, తొమ్మిదీ ఇటుకరంగులో తేలాయి. దండెం మీద వరసగా వేలాడుతూ దారిన పోయేవాళ్ళందరికీ కనబడుతున్నాయి.

రంగులావిడకు పని నేర్పింది మేనత్త. నేర్పడమంటే పెద్ద మాట. ఆ మేనత్త నోరు విప్పి ఏదీ చెప్పేది కాదు. తప్పు చేస్తే మోచేతి మీద గరిటెతో ఒకటి వేసేది. దెబ్బ పడని రోజు పని వచ్చిన రోజని లెక్క. ఉన్నిని పటిక నీళ్ళలో ఎంతసేపు ఉడకబెట్టాలో, నానబెట్టిన వేళ్ళ నీటిని ఎంత సన్నటి సెగ మీద కాచాలో అన్నీ ఆ దెబ్బల లెక్కలోనే వచ్చాయి. కాగులో వేలు ముంచితే 'ఒకటి' అనేలోపు తీసేయాలనిపించాలి. అంతకు మించి కాగితే వేళ్ళలోని గోధుమరంగు కూడా దిగి ఎరుపును మింగేస్తుంది. ఆవిడ ఆ వేలితోనే ముప్ఫై రెండేళ్ళు బతికింది. అరచేతి గీతల్లో, గోళ్ళ చుట్టూ ఎరుపు ఇంకిపోయింది. క్లినిక్‌కి కొత్తగా వచ్చిన డాక్టరు ఆ చేతులు చూసి కంగారుపడి పూతమందు రాసిచ్చాడు. అది పూసుకుంటే చిలపలకు జిడ్డంటుతుందని ఆవిడ ఆ చీటీని గుమ్మం దాటగానే చింపేసింది.

అలాంటి మనిషికి ఇప్పుడు ఎరుపు రావడం లేదు.

"తేడా ఉంది వదినా," అన్నాడు తివాచీలాయన.

ఆయన వరసకు మరిది. మగ్గం మీద పెద్ద తివాచీ ఉంది, ఇంకో రెండు జానలు నేస్తే అయిపోతుంది. చుట్టూ అంచు ఎరుపు. ఆ ఎరుపు ఆవిడ రెండు నెలల కిందట అద్ది ఇచ్చిందే. మూడు చిలపలు తక్కువ పడ్డాయి. తక్కువ పడ్డప్పటి నుంచీ పాత చిలపలోంచి బెత్తెడు దారం తుంచి చెవి వెనక పెట్టుకుని తిరుగుతున్నాడు. రోజూ పొద్దున వస్తాడు, చెవి వెనక నుంచి దారం తీస్తాడు, దండెం మీది చిలప పక్కన పెడతాడు, ఒక కన్ను మూస్తాడు, నిట్టూరుస్తాడు.

"తేడా ఉందని నాకు తెలీదా? నాకేమైనా కళ్ళు లేవా?" అంది ఆవిడ.

"ఉన్నాయి. కానీ ఏళ్ళు వస్తున్నాయిగా వదినా. మొన్న నేనూ సూదిలో దారం ఎక్కించలేక..."

"నీకు కుర్రాడప్పుడూ ఎక్కేది కాదు. ఎంత నూలు పడుతుందో లెక్క కట్టడం రాని నేతగాడివి, నువ్వు నా కళ్ళకు వంక పెడుతున్నావా?"

"కోప్పడకు. శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ కాకపోతే బజారు పొడితో అద్దిన నూలు తెచ్చుకుంటా. ఇక ముందు కూడా అదే తెచ్చుకుంటే నీకూ శ్రమ తప్పుతుంది," అన్నాడు. మంచికే అన్నాడు. అదే ఆవిడకు కాలింది. తిట్టినవాడికి తిరిగి ఏదో ఒకటి అంటించొచ్చు. జాలిపడేవాణ్ణి ఏం చేస్తాం?

ఆయన వెళ్ళాక ఆవిడ ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి తన అరచేతిని చూసుకుంది. ఆ పని ఈ వారంలో చాలాసార్లే చేసింది. ఎవరికీ చెప్పలేదు. కళ్ళు పోతే పని పోతుంది. పని పోతే, ఇక మిగిలేది గునపం పట్టుకుని తిరిగే మొగుడు.

ఆ మొగుణ్ణే ముందు పట్టుకుంది. "నిజం చెప్పండి. ఈ డబ్బాల్లో లేత వేళ్ళు కలిపారా?"

"ఒట్టు. ఇవి మూడేళ్ళవే. వాటిని నేను ముట్టుకోలేదు."

"మీరు ముట్టుకోనిది ఈ పెరట్లో ఏదైనా ఉందా?"

"ఇంట్లో గిన్నె పగిలినా అందరికన్నా ముందు నేనే కనబడతాను," అని గొణుక్కుంటూ ఆయన తీగల్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత పటిక అమ్మే కొట్టువాడి మీదికి వెళ్ళింది. వాడు అదే బస్తా, అదే సరుకు అన్నాడు. ఉన్ని వడికే ఆవిడనూ అడిగింది. ఆవిడ నాలుగు రోజులు మాట్లాడటం మానేసింది.

ఇక మిగిలింది కూతురు. మేడ మీద ఉంటుంది. నూనెల కర్మాగారం ల్యాబులో పరీక్షలు చేసే ఉద్యోగం, ఇప్పుడు అయిదు నెలల పాపతో సెలవులో ఉంది. సెలవంటే పేరుకే. పాప ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్ని గుడ్డలు తడిపింది, అన్నీ పుస్తకంలో రాస్తుంది. పాప తుమ్మితే కిటికీ మూస్తుంది, చెమట పడితే తెరుస్తుంది. ఆ పిల్లకు ఊపిరాడేది ఆ మధ్యలో దొరికిన సందులోనే.

"అమ్మా, నేను చూస్తా ఉండు. ఒక పద్ధతి ప్రకారం వెతకాలి," అంటూ థర్మామీటరూ, చిన్న తూకమూ, ఇంకో కొత్త పుస్తకమూ పట్టుకుని దిగింది. పాపను తాత ఒళ్ళో పెట్టి, ఎలా పట్టుకోవాలో మూడుసార్లు చెప్పింది. ఆయన అయిదుగురు తమ్ముళ్ళను ఎత్తి పెంచినవాడు. తల ఊపాడు.

కూతురు పటిక తూచింది. ఉన్ని తూచింది. ఆవిడ కాగులో వేలు ముంచి తీయగానే థర్మామీటరు ముంచింది.

"అరవై అయిదు. సరిగ్గా ఉందమ్మా!"

"నా వేలు అబద్ధం చెబుతుందనుకున్నావా?"

"అలా కాదు, అన్నీ రాసుకుంటే ఎక్కడ తప్పో..."

"రాసుకో. నువ్వు రాసేలోపు ఇది ఉడికి ఊరుకుంటుంది. జరుగు."

అన్నీ సరిగ్గా ఉన్నాయి. చిలప మళ్ళీ ఇటుకరంగులోనే తేలింది. అదే తొమ్మిదోది. కూతురు పుస్తకాన్ని తిరగేసి చూసింది, మొదటి నుంచి చూసింది, పెదవి కొరుక్కుంది. రంగులావిడ సబ్బుతో చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఇంకో చిరాకు. ఈ మధ్య సబ్బు ఒక పట్టాన వదలడం లేదు. ఒక్కసారి రుద్దితే చాలు మోచేతుల దాకా నురగ. ఎన్ని నీళ్ళు పోసినా చేతులు చేప పొట్టలా జారుతూనే ఉంటాయి.

"ఈ సబ్బు కూడా మార్చేశారా నాకు తెలీకుండా?" అని అరిచింది.

"లేదే, అదే సబ్బు," అంది కూతురు.

గురువారం మధ్యాహ్నం రంగులావిడ మేడ మీదికి వెళ్ళింది. రేపు నాలుగో డబ్బా తెరవాలా, లేక తివాచీలాయనకు నా వల్ల కాదని చెప్పేయాలా తేల్చుకోలేక, ఊరికే పాపను చూసే మిషతో వెళ్ళింది. కూతురు పాలసీసా కోసం నీళ్ళు కాస్తోంది.

"కూర్చోమ్మా. ఇటు చూశావా? ఇరవై రోజులైంది ఈ కెటిల్ కొని. లోపల పిసరంత గార లేదు. కింద నీ కెటిల్ చూడు, సున్నం కొట్టినట్టుంటుంది."

"నా కెటిల్‌కేం వచ్చింది? ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది."

"పనిచేస్తుందిలే. కానీ ఆ నీళ్ళకే పాప బుగ్గలు పగిలాయి. అందుకేగా ఆ ఫిల్టర్ పెట్టించింది. నీళ్ళలో గార మొత్తం అదే లాగేసుకుంటుంది."

"ఏ ఫిల్టరు? గేటు దగ్గర సిలిండర్‌లా నిలబెట్టారే, అదా?"

"అదే."

"అది నీ కుళాయికేగా?"

"కాదమ్మా. ఇంట్లోకి వచ్చే పెద్ద పైపుకే..."

కూతురు మాట అక్కడ ఆగిపోయింది. చేతిలో సీసా మూత అలాగే ఉండిపోయింది. తల్లికి ఇంకా ఏమీ తట్టలేదు. నురగ ఎందుకు వదలడం లేదో మాత్రం తెలిసింది, ఆ కోపంలో ఉంది. కానీ కూతురి మొహం పాలిపోవడం చూసి, "ఏమైందే? పాపకేమైనా...?" అంది.

"పాపకు కాదు." కూతురు కుర్చీలో కూలబడింది. "అమ్మా, నేను చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. మంజిష్ఠ ఎరుపు పటికను ఒక్కదాన్నే పట్టుకుంటే సరిపోదు, దానికి సున్నం కూడా కావాలి, ఆ గారలో ఉండేది అదే. నీ నీళ్ళలో సున్నం ఉంది. ఉండేది. నువ్వు ఎప్పుడూ వేయలేదు, ఎందుకంటే కుళాయిలోనే వచ్చేది. నేను అది తీసేశాను. తీసేసి, పటిక తూచాను, ఉన్ని తూచాను, నీ వేలిని కూడా కొలిచాను. నీళ్ళను మాత్రం చూడలేదు. నేనే బాగుచేయించిన నీళ్ళలో తప్పుంటుందని నాకెలా తోస్తుంది?"

పాప తన కాలి బొటనవేలు పట్టుకుని ఏదో అంటోంది.

రంగులావిడకు ముందుగా వచ్చింది కోపం కాదు. ఎడమ కన్ను, కుడి కన్ను రెండూ ఒక్కసారి మూసుకుని తెరిచింది. కళ్ళకేం కాలేదు. ఇరవై రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ దిగినట్టయింది. అది దిగాక, ఖాళీ అయిన చోటుకి కోపం వచ్చి చేరింది.

"మూడు డబ్బాలే! మూడేళ్ళ వేళ్ళు! మీ నాన్నను దొంగను చేశాను. వడికే ఆవిడతో మాటలు పోయాయి. నాకు చూపు పోయిందనుకుని ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నాను. నువ్వేమో కెటిల్ తళతళలాడుతోందని మురిసిపోతున్నావు!"

"చూపు పోయిందనుకున్నావా? నాకు చెప్పొద్దూ?"

"చెబితే పుస్తకంలో రాస్తావు!"

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత మళ్ళీ ఆమె పద్ధతి ఆమెకు గుర్తొచ్చింది. "అమ్మా, ఉన్నది ఒక్క డబ్బా. నా మాట నమ్మి కాగులో పోయకు. ముందు రెండు చిన్న గిన్నెల్లో చూద్దాం. ఒకటి ఫిల్టరు నీళ్ళతో, ఒకటి గారతో."

"ఒక గిన్నె చాలదూ?"

"చాలదు. రెండూ పక్కపక్కన ఉంటేనే తేడా దేనివల్లో తెలుస్తుంది."

పాపను తీసుకుని ఇద్దరూ కిందికి దిగారు. కూతురు ఎన్నాళ్ళుగానో పారేయమంటున్న పాత కెటిల్‌ను ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో గార గీకింది. తెల్లటి పెచ్చులు రాలాయి. వాటిని నూరి ఒక గిన్నెలో కలిపింది. చెరో చిటికెడు వేళ్ళ పొడి, చెరో మూరెడు పటిక పట్టిన నూలు. రంగులావిడ రెండింట్లోనూ వేలు ముంచి ముంచి చూసింది. థర్మామీటరు ఈసారి బయటికే తీయలేదు.

గంటన్నర తర్వాత ఒక గిన్నెలోంచి ఇటుక వచ్చింది. రెండోదాంట్లోంచి ఎరుపు వచ్చింది. ఆవిడ దాన్ని పిండి, వెలుతురులో పెట్టి చూసింది. చివరికి, "కెటిల్ తోమితే చెయ్యి విరగ్గొడతా," అంది.

ఇక కాగుకు నీళ్ళు కావాలి. ఫిల్టరు పక్కన ఒక మీట ఉంది, తిప్పితే నీళ్ళు దాన్ని తప్పించుకుని నేరుగా వస్తాయి. ఒక్క మీట. తిప్పడానికి కూతురికి సాయంత్రమయింది. పాప స్నానానికి, పాలకు, గుడ్డలకు, ఒకవేళ మళ్ళీ స్నానం చేయించాల్సి వస్తే దానికి, ఇంట్లో ఉన్న ప్రతి బిందే, బకెట్టూ, గిన్నే, చివరికి తండ్రి మొక్కలకు పోసే డబ్బాలూ ఫిల్టరు నీళ్ళతో నింపి మూతలు పెట్టింది. మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు.

"ఒక్క రాత్రికే, వరద వస్తున్నట్టు!" అంది తల్లి, రెండు బకెట్ల మధ్య నుంచి పక్కకు నడుస్తూ. "మా కాగు మిగిల్చావు, సంతోషం."

"రేపు మధ్యాహ్నానికి మీట మళ్ళీ తిప్పేస్తా."

"తిప్పుకో. తర్వాత నా చోటికి వేరే కుళాయి పెట్టించు. ఆ పైపు ఫిల్టరు మొహం చూడకూడదు."

శుక్రవారం పొద్దున్నే కాగు ఎక్కింది. పటిక పట్టిన మూడు చిలపలూ, ఆఖరి డబ్బా వేళ్ళూ. భర్త ఒకటికి రెండుసార్లు తొంగిచూశాడు. మూత ఎత్తబోతే గరిటె మోచేతి మీద పడింది, మేనత్త వేసినట్టే. మధ్యాహ్నానికి చిలపలు దండెం మీదికి వచ్చాయి. తొమ్మిది ఇటుకల పక్కన మూడు ఎర్రవి. ఎండ బాగానే ఉంది. నాలుగింటికి ఆరాయి.

తివాచీలాయన అయిదింటికి వచ్చాడు. బజారుకు వెళ్ళే సంచీ చేతిలోనే ఉంది. అది చూసీ చూడనట్టు ఆవిడ మూడు చిలపలూ తెచ్చి బల్ల మీద పడేసింది. ఆయన చెవి వెనక నుంచి దారం తీశాడు. చిలప మీద పెట్టాడు. ఒక కన్ను మూశాడు. రెండో కన్ను మూశాడు. రెండూ తెరిచాడు.

"ఏం, తేడా ఉందా?"

ఆయన చిలపను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వంగి బల్ల కింద చూశాడు. చొక్కా జేబు తడుముకున్నాడు.

"వదినా, నా దారమేది?"

"నన్నడుగుతావేం? నీ చేతిలోనేగా ఉంది."

"ఇక్కడే పెట్టా. దీని మీదే పెట్టా." చిలపలోని పోగులు ఒక్కొక్కటే వేలితో విడదీసి చూడటం మొదలుపెట్టాడు. ఎక్కడా దొరకలేదు. భర్త వచ్చి వెతికాడు. కూతురు పాపను చంకనేసుకుని వచ్చి వెతికింది.

రంగులావిడ మాత్రం కుర్చీలో కూర్చుని, ఎర్రటి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"చిలపలు చిక్కు చేశారో, ఊరుకునేది లేదు," అంది.