అర గీత దాకా

అబిడ్స్‌లో ఒక బట్టల షాపులో నా ఉద్యోగమే అనుమానించడం. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, బయటికి పోయేవాళ్ల బిల్లు చూసి, సంచిలోకి తొంగిచూసి, ముద్ర కొడతాను. అందరూ నవ్వుతూనే సంచి తెరుస్తారు. నవ్వు మరీ ఎక్కువైతే నేను సంచి అడుగుదాకా చూస్తాను. ఇంటికొచ్చాక ఈ బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విడవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. పాలవాడి పాలు, ఆటోవాడి మీటరు, చివరికి మా అత్తమ్మ శనివారం ఉపవాసం కూడా నాకు అనుమానమే.

అలాంటిదాన్ని కుందేలు డాక్టరును ఊరికే వదులుతానా?

ఆ కుందేలు మేం కొన్నది కాదు. నాంపల్లిలో మేముండే కిరాయి ఇంట్లో పక్క వాటావాళ్లు ఖాళీ చేస్తూ దాన్ని మెట్ల కింద వదిలేసి పోయారు. అత్తమ్మ కొంగులో వేసుకుని తెచ్చింది. వయసంతా ఒకరి పొలాల్లో కూలికి పోయి, పట్నం వచ్చాక చేతులకు పని లేక విలవిల్లాడిన మనిషి ఆమె. కుందేలుకు కొత్తిమీర కాడలు తినిపించడం, కింద గుడ్డ మార్చడం, "తిను బిడ్డా" అని గడ్డం కింద నిమరడం, వీటితో ఆమెకు మళ్లీ ఒక పని దొరికింది. మా ఆయనా నేనూ పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే వస్తాం. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే.

ఒకరోజు అది తుమ్మడం మొదలుపెట్టింది. ముక్కు కారింది, ఆ ముక్కును తుడుచుకుని తుడుచుకుని ముందు కాళ్ల బొచ్చు అట్ట కట్టింది. కొత్తిమీర పెడితే మొహం తిప్పుకుంది. అత్తమ్మ కూడా ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయింది. స్టేషన్ వెనక సందులో జంతువుల దవాఖాన ఒకటి ఉంటే, కూరగాయల బుట్టలో పెట్టుకుని తీసుకుపోయాం.

డాక్టరు కుర్రవాడు. తూకం వేశాడు, గొట్టం పెట్టి ఛాతీ విన్నాడు, తర్వాత ఫోను తీసి ఏదో చూశాడు. అక్కడే నా మనసులో పురుగు తొలిచింది. తెలిసినవాడైతే ఫోను ఎందుకు చూస్తాడు? యాంటీబయాటిక్ సీసా, సూది లేని సిరంజి ఇచ్చి అన్నాడు: "ఇగో, గీ అర గీత దాకా. పొద్దున, సాయంత్రం. దవడ పక్క నుంచి మెల్లగ పొయ్యాలె. ఒక్క పూట గూడ తప్పొద్దు."

"సిరంజిలు నాకు కొత్తనా డాక్టర్ సాబ్? రోజూ షుగర్ సూది నేనే పొడ్సుకుంట," అంటూ అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

మరునాడు షాపులో అన్నం తినే వేళ నేను లెక్క వేశాను. మా ఆయనకు దగ్గొచ్చినప్పుడు మింగిన గోలీలను ఆయన బరువుతో భాగించాను. కుందేలు మందును కుందేలు బరువుతో భాగించాను. కిలోకు చూస్తే కుందేలుకే ఎక్కువ పడుతోంది! పిడికెడు ప్రాణానికి ఇంత మందా?

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు," అంది అత్తమ్మ, రాత్రి ఇంటికొచ్చి ఈ లెక్క చెబితే. "ఆయన సదువుకున్నోడు. నీకు అందరి మీద అనుమానమే."

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట అత్తమ్మా."

అయినా మందు ఆపలేదు. నేను దాన్ని తువ్వాలులో చుట్టి గట్టిగా పట్టుకునేదాన్ని. గోళ్లు తగులుతాయని భయంతో మొహం అటు తిప్పుకునేదాన్ని. అత్తమ్మ సిరంజి నింపి పోసేది. రోజులు గడిచాయి గానీ తుమ్ములు తగ్గలేదు, తిండి ఇంకా తగ్గింది. దాని వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి. సీసా తరగకపోవడం కూడా నేను కనిపెట్టాను. డబ్బు ఎక్కువ గుంజడానికి పెద్ద సీసా అంటగట్టాడని తేల్చుకున్నాను. ఇక ఊరుకోలేక మళ్లీ బుట్ట ఎత్తుకున్నాం.

"మందు ఎక్కువ రాసిన్రు," అన్నాను దవాఖానలో అడుగు పెడుతూనే. "దానికే ఇది చిక్కిపోతున్నది. మీకు తెల్వకనే గద ఫోన్ల చూసింది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడేమో అని చూశాను. తడుముకోలేదు. "కుందేళ్లకు కొన్ని మందులు పడయి మేడం, పాణమే పోతది. అందుకే ఎప్పుడు రాసినా ఒకసారి చూసుకునే రాస్త. చిన్న పాణం గద, మందు ఒంట్ల జల్ది కరుగుతది. మనుషుల లెక్క దీనికి పనికిరాదు." అంటూనే సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. ఈసారి అనుమానం అతని మొహంలో కనబడింది. "గింత మిగిలిందేంది? రోజూ ఇస్తున్రా?"

"ఒక్క పూట తప్పలే," అంది అత్తమ్మ రోషంగా.

"ఎట్ల ఇస్తున్రో జర చూపియ్యండమ్మా."

అత్తమ్మ సిరంజి ముంచింది, లాగింది, కిటికీ వైపు ఎత్తి పట్టింది. "ఇగో, అర గీత."

సిరంజి నిండా గాలే. మొన దగ్గర మాత్రం కాస్త మందు మెరుస్తోంది. ఆమె దాన్ని మా ఇద్దరి ముందు ఎంతో ధీమాగా పట్టుకుంది. డాక్టరు నా వైపు చూశాడు. నేను అత్తమ్మ కళ్ల వైపు చూశాను. అవి సిరంజి మీద లేవు, దాని పక్కన ఎక్కడో ఉన్నాయి.

"అమ్మా, గీత కనబడ్తుందా?" అని మెల్లగా అడిగాడు.

అత్తమ్మ చాలాసేపు కుందేలు చెవులు నిమిరింది. "జర మసక మసక. చెయ్యికి తెలుస్తది గదా అనుకున్న. కనబడ్తలేదంటే గీ పని గూడ నా చేతులకెంచి గుంజుకుంటరని చెప్పలే."

ఆ క్షణాన నా కళ్ల ముందు మెదిలింది కుందేలు మందు కాదు. మా ఫ్రిజ్ తలుపులో ఉండే ఇన్సులిన్ సీసా. రోజూ ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని పొడుచుకునే సూది. అందులో ఎంత ఎక్కుతోందో, ఎన్నాళ్లుగా ఇలా ఎక్కుతోందో.

కుందేలు బతికింది. సరైన మోతాదు పడ్డాక కొన్నాళ్లకే అత్తమ్మ చేతిలోంచి కొత్తిమీర కాడ లాక్కుని నమిలింది. ఆమె నవ్వుతూ ఏడ్చింది.

కానీ దవాఖాన నుంచి వచ్చిన ఆ సాయంత్రమే నాకు బాగా గుర్తు. మొదట కుందేలుకు నేను గీత దాకా నింపి ఇచ్చాను, ఎప్పటిలా ఆమే పోసింది. కంటి దవాఖానకు రేపే పోదామన్నాను. ఆమె లేచి ఫ్రిజ్ దగ్గరికి పోయి, తన సిరంజి తీసుకుని గోడ వైపు తిరగబోయింది. నేను అడ్డం నిలబడి చెయ్యి చాచాను.

"ఏందే, నా మీద గూడ అనుమానమేనా?"

"ఔ అత్తమ్మా. అందరికంటె ఎక్కువ నీ మీదనే."

ఆమె కాసేపు నా చేతిని చూసింది, కనబడినంత మేరకు. తర్వాత సిరంజి అందులో పెట్టింది.