పెద్ద బి, చిన్న బి

వీరవేణి మాట్లాడితే పక్క బల్ల వరకూ కూడా వినపడదు. భీమవరంలో రొయ్యల చెరువులకు జబ్బుల పరీక్షలు చేసే ఆ ల్యాబ్‌లో ఏ చెరువులో ఏం తేలిందో కంప్యూటర్లో ఎక్కించడం, అడిగినవాళ్లకు వెతికి ఇవ్వడం ఆమె పని.

ఈమధ్య ఆ వెతకడమే కష్టమైపోయింది. చెరువుల పేర్లు కొన్ని పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, కొన్ని చిన్న అక్షరాల్లో ఉన్నాయి. డేటాబేస్‌కు అవి వేరువేరు. పెద్ద బి కోసం వెతికితే చిన్న బి దొరకదు.

"అన్నీ పెద్దక్షరాలు చేసి పారెయ్యమ్మా. ఒక్క కమాండే కదా" అన్నారు యజమాని ఉదయభాస్కర్ గారు.

నిజమే. అప్పర్ అని రాసి, కాలమ్ పేరు ఇస్తే చాలు. కానీ ఒకసారి మారిపోయాక ఏది ముందు ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు? అందుకని వీరవేణి టేబుల్‌కు కాపీ తీసుకుని, ముందు దానిమీద నడిపి చూసింది.

అప్పుడే పల్లంరాజు వచ్చాడు. ఉండి అనే ఊరి దగ్గర చెరువులు కొత్తగా లీజుకు తీసుకున్నాడు. వాటి పాత చరిత్ర ఆయనకు తెలియదు.

"బి చెరువుకి పాత జబ్బులేమన్నా ఉన్నాయేమో చూడమ్మా. రేపు పొద్దున్నే సీడు, అదే రొయ్యపిల్లలు, దిగుతుంది."

ఆమె పెద్దక్షరాలు చేసిన ఆ కాపీలో వెతికింది. బి చెరువుకు ఒకే తేదీన రెండు ఫలితాలు. ఒకదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో ఈహెచ్‌పీ అనే జబ్బు. రొయ్యను చంపదు, ఎదగనివ్వదు. చెరువు మట్టిలో దాక్కుని తర్వాతి పంటకూ అంటుకుంటుంది.

"పైన బాగుందనే ఉంది కదా, ప్రింటు ఇచ్చెయ్" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"ఇవ్వనండి."

ఈసారి పక్క బల్లకు వినపడింది.

"ఏంటమ్మా ఇది! సీడు వాళ్లకి ఏం చెప్పమంటావు? మా భీమవరం కంప్యూటరు అలిగిందండి, ఆగండి అననా?" అన్నాడు పల్లంరాజు.

ఆమె చెరువుల నుంచి శాంపిళ్లు తెచ్చే లోవరాజుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"అవి రెండు చెరువులండి! పెద్ద చెరువు కవరు మీద పెద్ద బి, పక్కన పిల్లల్ని పెంచే నర్సరీ చెరువుకి చిన్న బి. మేమంతా అలాగే రాస్తామండి. తడిచేత్తో నర్సరీ అని అంత పొడుగు ఎవరు రాస్తారు?"

వీరవేణి అసలు టేబుల్ తెరిచింది. ఈహెచ్‌పీ ఉన్నది చిన్న బిలో.

"సీడు వదిలేది ఎందులోనండి?"

"నర్సరీలోనే" అన్నాడు పల్లంరాజు. బయటికెళ్లి సీడు వాళ్లకు ఆగమని ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, "చెరువు ఎండగట్టి సున్నం కొట్టించాలి, అంతేనా?" అని అడిగాడు.

"అంతేనండి. మళ్లీ పరీక్ష చేయించాకే వదలండి."

"అయితే పెద్దక్షరాలు వద్దంటావా?" అన్నారు ఉదయభాస్కర్ గారు.

"చేద్దామండి. ఇవాళ కాదు. ముందు చెరువు రకానికి ఒక కాలమ్ పెట్టాలి. శాంపిళ్లు తెచ్చేవాళ్లందర్నీ అడిగి నింపాలి. అప్పుడు."

ఆయన రోజూ తొందరపెట్టారు. ఆమె రోజూ అదే మాట చెప్పింది. చివరి చెరువు రకం కూడా తేలాకే ఆ కమాండ్ నడిపింది.

తర్వాత పల్లంరాజు నర్సరీ చెరువు నుంచి కొత్త శాంపిల్ వచ్చింది. కవరు మీద పెద్ద బి, దాని పక్కన లోవరాజు ఇరికించి రాసిన నర్సరీ. పరీక్షలో ఏ జబ్బూ తేలలేదు. వీరవేణి ఆ ఫలితం ఎక్కించి, ఈసారి తనే పల్లంరాజుకు ఫోన్ చేసింది.

"సీడుకి చెప్పుకోండి."