పురుషోత్తం కారుకు నడక నేర్పిన పుష్పమ్మ

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక మా గల్లీలో పురుషోత్తం ఎవరని అడిగితే జనం తల గోక్కుంటారు. ఒరిగే కారు ఎవరిదంటే మాత్రం పాలు తాగే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పాత బీరువాకు చక్రాలు బిగించినట్టుండే ఆ కారు మలుపు తిరిగిందంటే, ఒక పక్క అద్దం రోడ్డుతో గుసగుసలాడేది, రెండో పక్క అద్దం కరెంటు తీగలను పలకరించేది. నేను పెంచి చెబుతున్నానని అనుకుంటారేమో. ఆ కారెక్కి దిగినవాళ్లు మాత్రం అలా అనరు.

సైనిక్‌పురిలో ఒక మిలటరీ సారు దగ్గర ఏళ్ల తరబడి డ్రైవరుగా చేసి, ఆయన పోయాక ఆ కారునే కొనుక్కున్నాడు పురుషోత్తం. దాన్ని తుడిచినంత ప్రేమగా తన మొహం కూడా ఎన్నడూ తుడుచుకోలేదు.

పురుషోత్తం భార్య పుష్పమ్మకు పోయిన వానాకాలం చెవిలో ఏదో జబ్బు చేసింది. జబ్బు తగ్గింది గానీ, తల జెర అటూ ఇటూ కదిలితే చాలు, లోకమంతా రంగులరాట్నమయ్యేది. ఆటో వద్దు, బస్సు వద్దు. ఇక ఆ ఒరిగే కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతలో నర్సాపూర్‌లో ఉండే ఆమె చెల్లెలు లచ్చమ్మ కాలు విరిగి మంచాన పడింది. రోజూ ఫోన్.

"అక్కా, ఒక్కసారి నీ మొఖం చూడాలనిపిస్తుందే."

"వస్త చెల్లె, జెర తక్కువ కానీ" అనేది పుష్పమ్మ. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగేది. అది చూసి పురుషోత్తానికి అన్నం దిగేది కాదు.

ఒకరోజు తిన్నగా మెకానిక్ ఓంప్రకాశ్ షెడ్డుకు పోయాడు.

"అన్నా, నీ బండికి ఎనక స్టెబిలైజర్ రాడ్డు లేదు" అన్నాడు ఓంప్రకాశ్ కారు కింద పడుకునే. "ఎడమ చక్రాన్ని, కుడి చక్రాన్ని కలిపి పట్టుకునే ఇనుప రాడ్డు. ఒక దిక్కు ఒరగనియ్యది."

"దొడ్డుది ఏస్తే?"

"ఇంకా తక్కువ ఒరుగుతది."

"ఇంకా దొడ్డుది?"

"ఏందన్నా, లారీ చేస్తవా దీన్ని?"

"నీకెందుకు, నువ్వు ఎయ్యి."

వేశారు. టైర్లలో గాలి కూడా రాయిలా అయ్యేదాకా కొట్టించాడు. ఇక పరీక్ష. పుష్పమ్మ బోనాలకు ఎత్తుకునే ఇత్తడి బిందెను అటక మీద నుంచి దించి, అంచు దాకా మజ్జిగ పోసి, వెనక సీట్లో బట్ట చుట్టకుదురు మీద పెట్టాడు. బొల్లారం వైపు అద్దంలాంటి రోడ్లున్నాయి కదా, అక్కడ మలుపు మీద మలుపు తిప్పాడు. చుక్క ఒలకలేదు. ఢిల్లీని గెలిచొచ్చినట్టు గల్లీలోకి హారన్ కొట్టుకుంటూ వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ నర్సాపూర్‌కు బయలుదేరారు. మలుపుల్లో కారు నిజంగానే బల్లలా నిలబడింది. కానీ ఊరు దాటేలోపే ఎడమ చక్రం ఒక గుంతలో దిగింది. ఒకే రాడ్డుకు కట్టేసిన చక్రాలాయె, ఒకటి ఎగిరితే రెండోది ఊరుకుంటుందా? కారంతా అడ్డంగా జాడించింది. పుష్పమ్మ తల పూనకం వచ్చినట్టు ఊగింది.

"ఆపయ్యా, ఆపు!"

రోడ్డు పక్కన కూర్చుని ఆమె కక్కుకుంటుంటే, పురుషోత్తం ఆమె నుదురు పట్టుకున్నాడు.

"మజ్జిగ చుక్క ఒలకలేదే పుష్పా, నీ మీద ఒట్టు."

"బిందె మెడ ఊగుతదానయ్యా?" అంది ఆమె కొంగుతో మూతి తుడుచుకుని. అంత తక్లీఫ్‌లోనూ నవ్వు వచ్చిందామెకు. "నేను బోనం ఎత్తుకుంటే ఎన్నడన్న చూసినవా? కట్టెలెక్క బిగుసుకుంటే దీపం కింద పడ్తది. మోకాళ్లు వదలాలె, నడుము ఊగాలె. కింద ఊగితేనే పైన నిలుస్తది. నీ బండికి నడుమే లేకుండ చేసినవు గదా!"

అది గొప్పకు చెప్పిన మాట కాదు. డప్పులు చెవులు పగలగొడుతున్నా, జనం తోస్తున్నా, పుష్పమ్మ బోనం మీది దీపం వణకడం మా గల్లీలో ఎవరూ చూడలేదు.

పురుషోత్తం కారును నత్తలా ఇంటికి చేర్చి, మళ్లీ షెడ్డుకు పోయాడు. దొడ్డు రాడ్డు తీసి సన్నది వేయించాడు. అరిగిన రబ్బరు బుష్షులు, నూనె కారుతున్న షాకబ్జర్లు మార్పించాడు. టైర్లలో ఎక్కువైన గాలి తీయించాడు. ఈసారి బిందె జోలికి పోలేదు. ఓంప్రకాశ్‌ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, తను పుష్పమ్మ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, మెడ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏమన్నా, మెడ పట్టిందా?"

"మాట్లాడకు. గుంతలున్న దిక్కు తోలు. నేనిప్పుడు మీ వదినను."

ఓంప్రకాశ్ నవ్వాపుకోలేక కారును ఒక గుంతలోకి మామూలు కన్నా గట్టిగానే దించాడంటారు.

వారం తిరిగాక మళ్లీ బయలుదేరారు. పుష్పమ్మ ఒళ్లో అదే బిందె, చెల్లెలి కోసం తోడుపెట్టిన పెరుగుతో. గుంతలు వచ్చాయి, కారు వాటిని ఒక్కొక్క కాలు వేసి దాటింది. నర్సాపూర్ అడవి దగ్గర పెద్ద మలుపులో మాత్రం మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. పురుషోత్తం కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఒరుగుతుందే పుష్పా!"

ఆమె నడుము కారుతోపాటు కొంచెం వంగింది. తల నిటారుగానే ఉంది.

"ఒరగనియ్యి. గంత ఒరగాలె" అంది, కళ్లు తెరిచి చెట్లను చూస్తూ.

లచ్చమ్మ ఇంటి ముందు దిగేటప్పుడు పురుషోత్తం చెయ్యి అందించాడు. పుష్పమ్మ పట్టుకోలేదు. బిందెను నెత్తిన పెట్టుకుని, నడుము వదిలి, గడప దాటి చెల్లెలి మంచం దాకా నడిచింది. చాచిన ఆ చెయ్యిని ఏం చేయాలో తెలియక, పురుషోత్తం కారు బానెట్ మీద రెండుసార్లు తట్టాడు.