బావను తీసేసిన టీము

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో మనకు తెలియనివి చాలా ఉంటాయి. అవి తెలియవన్న సంగతి కూడా తెలియదు. గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరి, మా అక్కగారింట్లో ఉంటూ, సాయంత్రాలు రైలుకట్ట పక్కన మట్టి మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి. టీముకు కెప్టెన్ని కూడా నేనే (ఆట వచ్చి కాదు, ఇంగ్లీషులో అర్జీ రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే గనక). మా బావ కూడా ఆడేవాడు. కాస్త పొట్ట, ఎగరడం తక్కువ. బంతి చేతికొస్తే క్షణం ఉంచుకోకుండా ఎవరికో ఒకరికి అందించేసేవాడు. ఆయన రింగులో బంతి వేయగా నేనెన్నడూ చూడలేదు.

ఆ ఏడు నెల్లూరు టీము మా ఊరొచ్చి ఆడతామని కబురు పెట్టింది. అంతకుముందు వాళ్ల చేతిలో చిత్తుగా ఓడి ఉన్నాం. చుట్టుపక్కల మొనగాళ్లందర్నీ ఒకచోట చేరిస్తే ఇక ఓడేదెట్లా అని నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. రైల్వేలో పనిచేసే ఆరడుగుల పైచిలుకు మనిషిని (తాటిమాను అనేవాళ్లం), ఎంత దూరం నుంచి విసిరినా గురి తప్పని నిమ్మకాయల మండీ భాయిని, దగ్గర్లోని కోట అనే ఊరి నుంచి, మెరుపులా పరుగెత్తే ఒక రైతును, ఇంకో ఇద్దర్ని బతిమాలి పట్టుకొచ్చాను. పాతవాళ్లను తీసేశాను. నన్ను నేనే తీసేసుకున్నాను (అదొక్కటే సరైన పని). బావనూ తీసేశాను.

బావ "మంచిదేలే" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. "మీ బావ పనికిరాకుండా పోయినాడా? అయితే ఆయన పెళ్లాం వండిన కూడు నీకెట్టా పనికొస్తాది రా?" అంది. ఆ తర్వాత వారం రోజులు కంచం పెట్టేది గాని మాట్లాడేది కాదు. గెలిస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను.

ఆట మొదలయ్యాక గాని మైదానంలో ఉండేది ఒక్క బంతేనన్న ముక్క నాకు తట్టలేదు. తాటిమాను రింగు కిందే చేతులు చాచి నిలబడ్డా ఎవరూ అందించరు. భాయి ఎక్కడ బంతి దొరికితే అక్కడినుంచే విసురుతాడు. ఒకసారి మావాళ్లిద్దరే బంతి కోసం పెనుగులాడుకుంటుంటే నెల్లూరు వాళ్లు మర్యాదగా పక్కన నిలబడి చూశారు. సగం ఆటకు ఇరవై పాయింట్లు వెనకబడ్డాం.

"నాకిస్తే కదయ్యా నేను వేసేది!" అన్నాడు తాటిమాను, ఇంటికి పోవడానికి చొక్కా తొడుక్కుంటూ.

"నీకిస్తే మళ్లీ మాకిస్తావా అబ్బా?" అన్నాడు భాయి.

బావ జనంలో కూర్చుని శనక్కాయలు వొలుచుకుంటున్నాడు. ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"తప్పయిపోయింది బావా. మీరు రండి."

"ఇప్పుడా? పంచెలో ఉండాను గదయ్యా!"

నా నిక్కరు ఆయనకిచ్చి, ఆయన పంచె నేను చుట్టుకున్నాను. ఆయన పొట్టకు బొత్తాం పడకపోతే మొలతాడుతో బిగించాం. అలసిపోయిన కోట రైతు సంతోషంగా తప్పుకున్నాడు. బావ మధ్యలో నిలబడ్డాడు. అందరూ బంతి ఆయనకే ఇవ్వసాగారు. ఆయన రింగులో వేసి పేరు కొట్టేసే ప్రమాదం లేదు మరి! "పొడుగాయనా, ఇది నీకే! భాయీ, ఈసారి నువ్వు, నిదానంగా!" అంటూ ఆయన వడ్డన చేసినట్టు పంచాడు. అలిగినవాళ్లు ఆడటం మొదలుపెట్టారు.

అయినా ఓడిపోయాం, రెండే రెండు పాయింట్లతో. తాటిమానూ భాయీ మాత్రం భుజాల మీద చేతులేసుకుని, మళ్లీ ఆట ఎప్పుడని అడిగారు.

అక్క వాకిట్లోనే ఎదురైంది. "ఓడిపోయినారంట?"

"రెండు పాయింట్లే అక్కా. బావ సగం ఆట ఆడినాడు."

"మొత్తం ఆడించుంటే గెలిచుండేవాళ్లు గదరా, తిక్కలోడా! కాళ్లు కడుక్కో, అన్నం చల్లారిపోతా ఉండాది."

ఆ తిట్టు వినగానే గుండెల మీది బండ దిగిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇరవై రెండేళ్ల కెప్టెన్ మీద నాకు కోపం రాదు. మూడుసార్లు మారు అన్నం పెట్టించుకుని, గెలిచొచ్చినవాడిలా హాయిగా నిద్రపోయాడు వాడు. తర్వాత జీవితంలో చాలాసార్లు ఓడాను గాని, అంత బాగా నిద్ర పట్టిన ఓటమి మళ్లీ దొరకలేదు.