గైడులో లేని నాలుగు మార్కులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటుంది, కాదనను. ముప్పై ఏళ్ళు ప్రైవేటు స్కూళ్ళలో సైన్స్ చెప్పినదాన్ని, ఆ మాత్రం కోపం లేకపోతే పిల్లలు నెత్తికెక్కి కూర్చునేవాళ్ళు. కానీ ఆ నోటితోనే ఒక మనిషికి అన్యాయం చేశాను. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పనేమోనని భయం వేసి రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో మా వీధి చివర అంగన్‌వాడీ ఉంది. అక్కడ ఆయాగా చేసే ఆమె ఒకరోజు సాయంత్రం మా గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"టీచరుగారండీ, ఒక్క మాటండీ. మా సెంటరు టీచరమ్మగారు ఈ ఏడు రిటైరైపోతున్నారండీ. నాకు టెన్తుంటే ఆ పోస్టు నాకే ఇత్తారంటండీ. ఈ ఏడు దాటితే నాకు వయసు దాటిపోద్దండీ. ఓపెన్ స్కూల్లో కట్టానండీ. అన్నీ గట్టెక్కేశానండీ, సైన్సొక్కటే పోయిందండీ. మీరు చెబితే వచ్చేత్తాదండీ."

కొల్లేరు పక్క ఊళ్ళో పుట్టి, తొమ్మిదో తరగతిలో చదువు మానేసి, పెళ్ళయి గూడెం వచ్చిన మనిషి. పదిహేనేళ్ళుగా ఆ సెంటర్లో వంట చేస్తూ, పిల్లల ముక్కులు తుడుస్తూ ఉంది. పిల్లలకి పాటలు నేర్పేదీ, అక్షరాలు దిద్దించేదీ చాలావరకు ఆమే. పేరు మాత్రం ఆయా. ఒక్క పరీక్ష పాసైతే టీచర్ అవుతుంది. సరే, రేపట్నించి రమ్మన్నాను.

నాలుగింటికి సెంటరు మూసేసి, గిన్నెలు తోమేసి వచ్చేది. మా వరండా ఎక్కేముందు పంపు దగ్గర చేతులు, కాళ్ళు శుభ్రంగా కడుక్కునేది. నేనెప్పుడూ చెప్పలేదు. మా నాన్నగారు గుడిలో అర్చకులని, మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి రాదని వీధిలో అందరికీ తెలుసు. ఆమె చేతులు కడుక్కోవడం చూసి, ఫర్వాలేదు, పద్ధతి తెలిసిన మనిషే అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నా పాఠం చెప్పే తీరు ఒకటుంది. గైడు తెప్పించి, వచ్చే ప్రశ్నలకి ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టి చేతికిచ్చేస్తాను. టిక్కున్నది కంఠతా పట్టాలి, లేనిది ముట్టుకోకూడదు. ఎంతమంది మొద్దురాచిప్పల్ని అలా ఒడ్డున పడేశానో లెక్కలేదు. ఆమె విషయంలోనూ అంతే. కానీ ఆమెకి కంఠతా రాదే! 'కిరణజన్య సంయోగక్రియ' అనే మాట దగ్గరే పదిసార్లు ఆగేది. "నోరు తిరగట్లేదండీ" అని తనే నవ్వేసేది. పప్పు కలుపుతూ చదివేదేమో, గైడు నిండా పసుపు మరకలు.

ఒకరోజు ఆ పాఠమే చెబుతున్నాను. మొక్కలు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి అవీ మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి అన్నాను. ఆమె ఒక్కసారి నిటారుగా కూర్చుంది.

"అయ్యబాబోయ్, అందుకేనాండీ! మా నాన్న చేపల చెరువు కాపలా అండీ. తెల్లారగట్ల చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని తేలతాయండీ. పగలంతా నీళ్ళలో నాచు గాలి ఇత్తాదండీ, రాత్రయ్యేసరికి ఆ నాచే గాలి లాగేసుకుంటాదండీ. తెల్లారేసరికి నీళ్ళలో గాలి మిగలదండీ. మబ్బు రోజైతే మరీనండీ, పగలు కూడా సరిగ్గా ఇవ్వదు కదండీ. చేప ఇలా..." అంటూ చేప నోరు తెరిచి మూసినట్టు చేసి చూపించింది.

ఆ ముఖంలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. ముప్పై ఏళ్ళలో ఆ పాఠం అంత బాగా అర్థం చేసుకున్న పిల్లని నేను చూడలేదు. అప్పుడు నేనేం చేశాను? మెచ్చుకున్నానా? లేదు.

"చాల్లే, ఆపు. దీపం పెట్టే వేళ తులసికోట ముందు ఈ చేపల గోలేమిటి?" అన్నాను.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "తప్పైపోయిందండీ" అంది.

నాకే కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పాఠం ముసుగు వేశాను. "అది కాదమ్మా, పరీక్షలో చెరువు గట్టు కబుర్లు రాస్తే సున్నా వేస్తారు. గైడులో ఉన్నది ఉన్నట్టు రాయి. రాకపోతే వదిలేసి తర్వాత ప్రశ్నకి పో. సొంత పైత్యం మాత్రం వద్దు" అన్నాను.

"ఆయ్, అలాగేనండీ" అంది.

ఆ తర్వాత మా వరండాలో ఆమె చేప మాట ఎత్తలేదు. పీడా పోయింది అనుకున్నాను.

పరీక్ష సెంటరు ఏలూరులో పడింది. తోడు నేనూ వెళ్ళాను, ఎంతైనా నా శిష్యురాలు కదా. మధ్యాహ్నం పరీక్ష. ఆమె లోపల రాస్తుంటే నేను బయట చెట్టు కింద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ వెంకన్నకి మొక్కుకున్నాను. ఆమె పాసైతే ఇద్దరం ద్వారకా తిరుమల మెట్లెక్కి వస్తామని. ఆమె నవ్వుతూ బయటికొచ్చింది.

సాయంత్రం పాసింజరు పట్టుకున్నాం. కిటికీ దగ్గర సీటు దొరికింది. దెందులూరు దాటాక ప్రశ్నపత్రం తీయమని, పెన్ను పట్టుకుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను. ఇది రాశావా? రాశానండీ. బొమ్మ వేశావా? ఏశానండీ. నా టిక్కులు చాలావరకు తగిలాయి. నాలో నేనే మురిసిపోతున్నాను. రెండో పేజీ తిప్పాను.

'మబ్బు పట్టిన రోజుల్లో వేకువజామున చెరువు నీటిలో ఆక్సిజన్ ఎందుకు తగ్గిపోతుంది? వివరించండి.' నాలుగు మార్కులు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇది నీ కోసమే ఇచ్చారమ్మా. దుమ్ము దులిపేసి ఉంటావు!" అన్నాను.

"లేదండీ, రాయలేదండీ."

"అదేమిటి? టైము చాల్లేదా?"

"చాలిందండీ. ఆఖర్న పావుగంట ఊరికే కూర్చున్నానండీ."

"మరి?"

"అది గైడులో లేదు కదండీ. నాకు తెలిసిందంతా చెరువు గట్టు కబురే కదండీ. రాత్తే సున్నా ఏత్తారన్నారు కదాండీ. వదిలేశానండీ. మీరు చెప్పినట్టే చేశానండీ."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. చెప్పిన మాట విన్న పిల్ల మెచ్చుకోలు కోసం చూసినట్టు నా వైపు చూస్తోంది. ప్రశ్నపత్రం మడిచి ఆమె చేతిలో పెట్టేశాను.

రైలు భీమడోలు దాటింది. పట్టాల పక్కన దూరంగా చేపల చెరువులు. వేసవి మబ్బు కమ్మేసి ఉంది. చెరువుల్లో నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతూ నీళ్ళని తెల్లగా పైకి చిమ్ముతున్నాయి. ఆమె కిటికీలోంచి వాటినే చూస్తూ, "మబ్బు పట్టింది కదండీ, అందుకే పొద్దుండగానే తిప్పేత్తన్నారు" అంది. వెంటనే నాలిక్కరుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సారీ అండీ. చేపల మాట వచ్చేసిందండీ."

అప్పుడైనా చెప్పాల్సింది. తప్పు నాదమ్మా, నీకు తెలిసిందే అసలు సైన్సు అని. చెప్పలేదు. "పోన్లే, మిగతావి చాలు, పాసైపోతావు" అన్నాను. వేళ్ళ మీద లెక్కేస్తే ముప్పై ఆరు వచ్చాయి. పాసవడానికి ముప్పై అయిదు చాలు.

ముప్పై రెండు వచ్చాయి. ఫోనులో చూసి చెప్పింది నేనే. ఆమె మా వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత, "నా తలరాతండీ. మీరేం చేత్తారు పాపం, ఎంత కష్టపడ్డారో నాకోసం" అంది. నేను ఆ మాట పట్టుకుని బయటపడ్డాను. "అవునమ్మా, తలరాత" అన్నాను కూడా. ఎంత పాపిష్టిదాన్నో చూడండి.

మళ్ళీ పరీక్ష రావడానికి నెలలు పడుతుంది. పోస్టు అన్నాళ్ళు ఆగలేదు. డిగ్రీ చదివిన అమ్మాయి వచ్చి చేరింది. మంచి పిల్లే, దాన్నేం అనను. మళ్ళీ ఫీజు కట్టమని ఒకసారి అన్నాను. "ఇంకెందుకండీ" అని గైడు తెచ్చి ఇచ్చేసింది, కొత్త అట్ట వేసి మరీ.

మొన్నామధ్య నా పాత చార్టులు కొన్ని సెంటరుకి ఇద్దామని వెళ్ళాను. చార్టులు వంక మాత్రమే. ఆమెని పక్కకి పిలిచి, తప్పు నాదని చెప్పేయాలని మనసులో నాలుగుసార్లు అనుకుని మరీ బయల్దేరాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల కొత్త టీచరు గోడ మీద చేప బొమ్మ చూపించి, చేప నీళ్ళలోనే గాలి పీల్చుకుంటుందని చెబుతోంది. ముందు వరసలో ఒక చిట్టి పిల్ల లేచి, "నీళ్ళల్లో గాలెక్కడుంటది టీచర్?" అంది.

కొత్త టీచరు నవ్వేసి, "అమ్మో, ఆయమ్మనడుగు. వాళ్ళది చేపల చెరువుల ఊరు" అంది.

ఆమె గరిటె చేత్తో పట్టుకుని వంటగది గుమ్మంలోంచి వచ్చింది. "ఉంటాదమ్మా, ఎలాగంటే..." అని నవ్వుతూ మొదలుపెట్టింది. ఆ నవ్వు నాకు తెలుసు. అంతలో నన్ను చూసింది. నోరు మూసేసింది.

"నాకేం తెలుసమ్మా? అదిగో, సైన్సు టీచరుగారొచ్చారు, ఆరిని అడుగు" అంటూ గబగబా నాకు కుర్చీ వేసింది.

"నువ్వే చెప్పమ్మా. నీకు తెలుసు. నాకంటే బాగా తెలుసు" అన్నాను.

"నాకు రాదండీ" అని, అన్నం అడుగంటుతుందేమోనని లోపలికి వెళ్ళిపోయింది.