అర్థం లేని పాటకు పాఠాంతరం

నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో, బోధన్ బస్సులో కాలక్షేపానికి పాత పేపర్ల దుకాణంలో ఇంగ్లీషు సైన్స్ కథల పుస్తకాలు కొనేవాణ్ని. వేర్వేరు రచయితల మూడు కథల్లో ఒకే పద్యం తగిలింది. ఒకదాంట్లో అంతరిక్ష నౌకకు ఆ పద్యంలోని మృగం పేరు. రెండోదాంట్లో చెడిపోయిన యంత్రం దాన్నే వల్లిస్తుంది. మూడోదాంట్లో అది రహస్య సంకేతం. పద్యానికి అర్థం లేదు. చదివేవాళ్లంతా చిన్నప్పుడే నేర్చుకుని ఉంటారన్నది ఆ రచయితల ధీమా.

మనవాళ్లందరికీ తెలిసిన అలాంటి పాట ఏదని ఆలోచించాను. ఇంట్లోనే ఉంది. అక్క బీడీలు చుడుతూ ఒక్కో బీడీకి ఒక్కో మాట అనేది: ఇట్టం, గిట్టం, సారం, గోరం, బిల్లలు... మధ్యలో ఎంత ముచ్చటపెట్టినా, పాట ముగిసేసరికి ఇరవై ఐదు బీడీల కట్ట నిండేది.

నా కథలో, దారి తప్పిన నౌకకు రేడియోలో ఒక గొంతు వినిపిస్తుంది. మనిషా, యంత్రమా? కెప్టెన్ "ఇట్టం" అంటాడు. ఒక బీడీ చుట్టేంత సేపు నిశ్శబ్దం. తర్వాత "గిట్టం" అని జవాబు.

కాలేజీ పత్రికకు ఇచ్చాను. నాది ఆఖరి సంవత్సరం. ఈసారి రాకపోతే ఇక రాదు. పత్రిక చూసే లెక్చరర్ స్టాఫ్ రూముకు పిలిచారు.

"రాకెట్ మంచిగుంది. గీ పిచ్చిపాట ఎందుకు? తీసెయ్, అచ్చేస్త."

"అది తీస్తే కథే లేదు సార్."

"దాని అర్థమేంది?"

"ఏం లేదు సార్. గందుకే యంత్రానికి అందది."

ఆయన వెటకారంగా పాట పైకి చదవబోయి, మొదటి మాట దగ్గరే ఆగారు.

"తప్పు రాసినవ్. సారం, గోరం ముందు రావాలె. భీమ్‌గల్‌ల మా అవ్వ గట్లనే అంటుండె."

"మా బోధన్‌ల ఇట్టమే ముందు సార్. రోజూ ఇంటున్న."

"ఎవరన్నరు?"

"మా అక్క."

"మా అవ్వకన్న ఎక్కువ చుట్టిందా మీ అక్క?"

"అర్థం లేనిదాంట్ల తప్పేముంటది సార్?"

పక్క బల్ల లెక్చరర్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. వేళ్లు మడుస్తూ తన పాట మొత్తం అన్నారు, తర్వాత నాది.

"రెండిట్ల కట్టయితే నిండుతది," అని కాగితాలు సొరుగులో పెట్టుకున్నారు.

కథ అచ్చయింది, ఒక్క మాట మారకుండా. అడుగున చిన్న అక్షరాల్లో: "భీమ్‌గల్ వైపు 'సారం, గోరం' ముందు వచ్చును. - సంపాదకుడు."

అక్కకు చదివి వినిపించాను. ఒళ్లో చాట, చేతిలో తునికాకు.

"భీమ్‌గలోళ్లకేం తెల్సురా," అంది. చుట్టిన బీడీ చాటలో వేస్తూ, "బిల్లలు."

తర్వాతి ఆకు అందుకుంది.