ఒడ్డు మీద నిలబడి చెప్పని ధర

సుమన పనిమంతురాలు. వెబ్‌సైట్ చేసి పెట్టమంటే ముచ్చటగా చేసి ఇస్తుంది. ధర చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. పోటీలో ఉన్నవాళ్లు ఎంత అడిగారో కనుక్కుని, అంతకు ఐదొందలు తగ్గించి చెప్పడం, మూడేళ్లుగా ఆమెకు తెలిసిన వ్యాపారం ఇదొక్కటే. చేతినిండా పని ఉందని సంబరపడేది, పిచ్చిది.

వాళ్లది నెల్లికుదురు దగ్గర తండా. మహబూబాబాద్‌లో చిన్న గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ పెట్టుకుంది. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడికి ఆరు వేలకు ఒప్పుకున్నప్పుడు, వారంలో తేలిపోయే పని అనుకుంది. బడి పెద్దాయనకు నీలం నచ్చకపోతే ఆకుపచ్చ పెట్టింది. ఆయన భార్యకు ఆకుపచ్చ నచ్చలేదు. ఫోటోలు కూడా నువ్వే వచ్చి తీయాలన్నారు, ఫీజులు కట్టించుకునే ఏర్పాటు కూడా అందులోదే కదా అన్నారు. కాదనడం సుమనకు చేతకాలేదు. నాలుగు నెలలు అక్కడికే బస్సుల్లో తిరిగింది.

అలా విసిగి విసిగి, హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగానికి ఒప్పుకుంది. వచ్చే సోమవారం చేరాలి. ఆ పొద్దున రైలుకు సికింద్రాబాద్ దాకా టికెట్ తీసుకుంది, గది ఖాళీ చేస్తానని చెప్పింది, తండాకు వచ్చి కూర్చుంది. నచ్చిన పని చేజారిపోతుంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు?

బుధవారం పొద్దున జనగామ నుంచి ఫోన్ వచ్చింది. కిరాణా హోల్‌సేల్ దుకాణం నడిపే మాధవీలత. "మాకొక వెబ్‌సైట్ కావాలె. ఒకాయన పన్నెండు వేలన్నడు, ఇంకొకాయన పదన్నడు. నువ్వెంతకు చేస్తవు?"

తొమ్మిదిన్నర అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, సాయంత్రం చెప్తానంది.

అదే పొద్దున తల్లి మోతీబాయి నాటు గుత్త మాట్లాడడానికి బయలుదేరితే, సుమన కూడా వెంట నడిచింది. పన్నెండుమంది ఆడవాళ్ల ముఠాకు మోతీబాయి పెద్ద. ఎకరానికి ఇంతని ముందే మాట్లాడుకుని వరి నాట్లు వేస్తారు. రైతు పొలం ఒడ్డు మీద నిలబడి "ఎకరానికి ఎంత?" అన్నాడు. మోతీబాయి విననట్టే పావడా ఎత్తిపట్టి బురదలోకి దిగింది. నాలుగు మూలలా తిరిగి, నారుమడి ఎంత దూరమో చూసి వచ్చింది.

"నారు ఎవరు పీకుతరన్నా? ఎవరు మోస్తరు?"

"అంతా మీరే."

అప్పుడు గానీ ధర చెప్పలేదు. రైతు ఐదొందలు తగ్గించమన్నాడు. "ధర తగ్గియ్య. పని తగ్గిస్త. నారు మీరు మోసుకోండ్రి, గప్పుడు ఐదొందలు తీసేస్త" అంది. రైతు తల గోక్కుని, నారు కూడా వాళ్లనే మోయమని పాత ధరకే ఒప్పుకున్నాడు.

ఇంట్లో వాళ్లది లంబాడీ మాట. అమ్మను యాడీ అంటారు. "యాడీ, ఆయన వేరే ముఠాను పిలుస్తే ఎట్ల?" అని దారిలో అడిగింది సుమన.

"పిలువనీ. మడి చూడకుండ ధర చెప్పినోళ్లు సగం నాటి ఎల్లిపోతరు. గా ముచ్చట ఆయనకూ ఎరుకే."

సుమనకు సిగ్గేసింది. మూడేళ్లూ తాను ఒడ్డు మీద నిలబడే ధర చెప్పింది. నారు ఎవరు మోయాలో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. చిన్నప్పటి నుంచి కళ్లెదుట జరుగుతున్నదే ఇది.

సాయంత్రం మాధవీలతకు ఫోన్ చేసి, "ధర తర్వాత చెప్తనక్కా. ముందుగాల ఒకరోజు మీ దుకాణంల కూసుంట" అంది.

మర్నాడు దుకాణం తెరిచేసరికే జనగామలో ఉంది. నర్మెట్ట, చిల్పూర్ వైపు చిల్లర దుకాణాల వాళ్లు ఏమేం సరుకులు కావాలో ఫోన్లో మాట రికార్డు చేసి పంపుతున్నారు. మాధవీలత విని చీటీ రాసేలోపు ఇంకో నాలుగు వస్తున్నాయి. నూనె ధర, పప్పుల ధర రోజూ పొద్దున మారుతున్నాయి. నిన్నటి ధరే అనుకుని తెప్పించుకున్న నూనె డబ్బాల మీద ఒకాయన ఫోన్లోనే పేచీ పెట్టుకున్నాడు. "ధరలు రోజూ ఎవరు ఎక్కిస్తరక్కా? మూడొందల సరుకుల ఫోటోలు ఎవరు తీస్తరు?" అని అడిగింది సుమన.

"ఆ ఇద్దరు గివేవీ అడగలేదు" అంది మాధవీలత.

దుకాణం సద్దుమణిగాక సుమన తాను చేసే పనులన్నీ, రెండుసార్లకు మించి మార్పులు చేయనన్న సంగతితో సహా, కాగితం మీద రాసి కింద నలభై వేలు అని వేసింది.

"ఆయన పదికే చేస్తనంటుంటే నలభయ్యా? ఇరవైకి చెయ్."

ఇదివరకటి సుమనైతే అక్కడే తలూపేది. ఇప్పుడు కలం తీసింది. "ధర తగ్గియ్యనక్కా. పని తగ్గిస్త. రోజూ ధరలు మార్చుకునే ఏర్పాటు కొట్టేస్తె ఇరవైకి అయితది."

మాధవీలత కాగితం వైపు చూసింది, మోగుతున్న ఫోన్ వైపు చూసింది. "గదే లేకుంటే నాకీ సైటెందుకు?" కాగితంలో ఫోటోల వరస మీద వేలు పెట్టింది. "ఫోటోలు మేమే తీసుకుంటం. ఎంత తీసేస్తవు?"

"నాలుగు వేలు."

"ముప్పై ఆరు. ఇగ బేరం లేదు." గల్లా తెరిచి పది వేలు బయానా చేతిలో పెట్టింది. సుమనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రాత్రే హైదరాబాద్ ఆఫీసుకు రానని చెప్పేసింది, గది తనకే ఉంచమని మహబూబాబాద్‌కు ఫోన్ చేసింది.

సోమవారం అదే రైలు ఎక్కింది, అదే టికెట్‌తో. సికింద్రాబాద్ దాకా డబ్బు కట్టి, మాధవీలత పని మొదలుపెట్టడానికి జనగామలోనే దిగిపోయింది. ఆమె అంత సంతోషంగా పోగొట్టుకున్న డబ్బు మరొకటి లేదు.